చివరి స్థానంలో ఉన్నవాడు మనవాడేనా?

గెలిచినవాడి ఇంటికి దారి ఎవరూ అడగనక్కర లేదు. నలుగురూ అటే పోతుంటారు కనుక కాళ్ళు తమంత తామే అటు నడుస్తాయి. ఓడినవాడి గుమ్మం ముందు మాత్రం చెప్పుల జతలు కనిపించవు. ఇది లోకరీతి. అయితే లోకరీతి వేరు, ధర్మం వేరు. ఎప్పుడూ ఓడిపోతూ ఉండేవారి పక్షాన నిలబడటం ధర్మమేనా, లేక అది వట్టి మొండితనమా? గెలుపు లేని శ్రమకు విలువ ఉందా? ఉంటే ఆ విలువను దేనితో కొలవాలి? ఈ వారం ఈ ప్రశ్నను కొంచెం నెమ్మదిగా ఆలోచిద్దాం.

పెద్ద ప్రశ్నకు పెద్ద ఉదాహరణే కావాలన్న నియమం లేదు. మన ఇళ్ళలో పిల్లలు టీవీ ముందు కూర్చుని చూసే కబడ్డీ పోటీలనే తీసుకుందాం. కురిచేడు, దొనకొండ, దర్శి, మార్కాపురం వైపు చెడుగుడు ఎవరికీ పరిచయం చేయనక్కర లేదు. పంట ఎత్తిన కళ్ళంలో సున్నంతో గీతలు గీసి, క్రిస్మసుకో సంక్రాంతికో గుడి పండుగకో కుర్రవాళ్ళు కూతకు దిగితే, పెద్దవాళ్ళు కూడా పనులు మాని వచ్చి గట్టుమీద కూర్చుంటారు. ఆ ఆటే ఇప్పుడు పరుపుమీద, దీపాల వెలుగులో, కోట్ల రూపాయల వ్యాపారంగా సాగుతున్నది.

ఒక సీజను కథ

ప్రొ కబడ్డీ లీగ్ 2014 జూలై 26న మొదలైంది. అంతకు రెండు నెలలు కూడా కాకముందే, జూన్ 2న, మన రాష్ట్రం రెండు రాష్ట్రాలైంది. ఆ పోటీలో చాలా జట్లు పట్నా, జైపూర్, ఢిల్లీ, బెంగళూరు అని నగరాల పేర్లు పెట్టుకున్నాయి. మన వైపు జట్టు మాత్రం భాష పేరు పెట్టుకుని తెలుగు టైటన్స్ అయింది. విశాఖపట్నంలోనూ ఆడింది, హైదరాబాదులోనూ ఆడింది. సరిహద్దు గీత పడిన సంవత్సరంలోనే, ఆ గీతకు రెండు పక్కలా ఉన్నవారు ‘మనది’ అని చెప్పుకోగల జట్టు ఒకటి పుట్టింది.

ఈ జట్టు ఆడిన పదవ సీజను మన ఆలోచనకు బాగా పనికివస్తుంది. అది 2023 డిసెంబరు 2న, అనగా ఆగమన కాలపు మొదటి ఆదివారానికి ముందురోజున, అహమ్మదాబాదులో మొదలైంది. 2024 మార్చి 1న, విభూతి బుధవారం దాటి తపస్సు కాలం నడుస్తున్న రోజుల్లో ముగిసింది. క్రిస్మసు, కొత్త సంవత్సరం, సంక్రాంతి అన్నీ ఈ సీజనులోనే వచ్చి వెళ్ళాయి. మొత్తం 12 జట్లు. ఒక్కొక్క జట్టుకు 22 ఆటలు. తెలుగు టైటన్స్ ఆ 22లో 2 గెలిచింది, 1 సమం చేసింది, 19 ఓడింది. పట్టికలో 12వ స్థానం, అనగా చిట్టచివరిది.

పైగా ఆ సంవత్సరం ఆఖరి ఆట హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగింది. పుణేరి పల్టన్, హర్యానా స్టీలర్స్ తలపడ్డాయి. పుణేరి 28–25తో గెలిచి కప్పు ఎత్తుకుంది. మన ఇంట్లో పెళ్ళి పందిరి వేశారు గాని పెళ్ళి వేరేవాళ్ళది. మనవాళ్ళు ఆ పందిట్లో లేనే లేరు.

ఒక్క సీజను చెడితే దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. కాని అది మూడవది. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదవ సీజనులో ఇదే జట్టు 22 ఆటల్లో ఒక్కటే గెలిచింది. కరోనా కారణంగా ఆ ఆటలన్నీ బెంగళూరులో ఒకే చోట, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. చప్పట్లు కొట్టేవారు గాని, ఈలలు వేసేవారు గాని లేరు. 2022లో తొమ్మిదవ సీజనులో 2 గెలిచి 20 ఓడింది. మూడు సీజన్లు కలిపి 66 ఆటలకు 5 గెలుపులు, 5 సమాలు, 56 ఓటములు. మూడుసార్లూ చివరి స్థానమే.

ఇప్పుడు మన ప్రశ్న వేసుకుందాం. ఆ 56 ఓటములు వృథాయేనా? ఆ రోజుల్లో ‘మాది తెలుగు టైటన్స్’ అని చెప్పుకున్న కుర్రవాడు తెలివితక్కువవాడా?

కొన్నది మనదవుతుందా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. “అయ్యా, ఇది డబ్బు పెట్టి నడిపే వ్యాపారం. ఆటగాళ్ళను వేలంలో కొంటారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమంది? ఎవరి డబ్బుకో ఎవరో ఆడితే మనకెందుకు బాధ?” అని అడుగుతారు.

నిజమే. మొదటి సీజన్లలో ఈ జట్టుకు పేరు తెచ్చిన రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. తర్వాత వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. పదవ సీజనులో నాయకుడైన పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ. ఈ పవన్ కథనే చూడండి. 2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌ఝౌలో భారత జట్టుకు నాయకుడిగా ఉండి, ఇరాన్‌ను ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులకే ముంబైలో జరిగిన వేలంలో తెలుగు టైటన్స్ అతణ్ణి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. ఆ లీగులో అప్పటివరకు ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు.

అంత ధర పెట్టి తెచ్చుకున్న మనిషి నిలబడి ఆడాడు. ఆ ఒక్క సీజనులోనే కూతకు వెళ్ళి 200 పైచిలుకు పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు చివరనే ఉంది. దేశంలోకెల్లా పేరున్న ఆటగాడు, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు, రెండూ ఒకే చొక్కా తొడుక్కుని కనిపించాయి. ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ఎంతటి మొనగాడైనా ఒక్కడే ఏడుగురి పని చేయలేడన్నది మొదటిది. రెండవది ఇంకా ముఖ్యం. చివరి స్థానంలో ఉన్నవాడు చేతకానివాడని అనుకోవడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. పట్టికలో కనిపించేది ఫలితం. మనిషి ఎంతటివాడో ఆ పట్టిక చెప్పదు.

ఇక కొన్నది మనదవుతుందా అన్న ప్రశ్న. వేలం పాటతో యజమాని హక్కు వస్తుంది, అది కాగితంమీద హక్కు. కష్టంలో పక్కన ఉన్నవాడికి మరొక హక్కు వస్తుంది, దానికి కాగితం ఉండదు. ఇల్లు కొన్నవాడిదైనా, ఆ ఇంట్లో జ్వరం వచ్చినవాడి పక్కన రాత్రంతా కూర్చున్నవాడికి ‘మా ఇల్లు’ అనే అర్హత ఎక్కడినుంచి వస్తున్నదో ఆలోచించండి. గెలిచిన రోజు ‘మన జట్టు’ అనడానికి ఖర్చేమీ లేదు. ఓడిన రోజు ఆ మాట అనడానికి నలుగురి నవ్వులు భరించాలి. ఖర్చుపెట్టి అన్న మాటకే బలం ఉంటుంది. కనుక ఓడిన మూడేళ్ళూ ఆ జట్టు పేరు చెప్పుకున్న కుర్రవాడు తెలివితక్కువవాడు కాడు. ఒక మాటకు కట్టుబడటమంటే ఏమిటో ఆటలోనే నేర్చుకుంటున్నాడు.

ఓడిపోతూ సంపాదించిన ఎనిమిది

పదవ సీజను నాటి లెక్కలో ఒక చిన్న విశేషం ఉంది. గెలిస్తే 5 పాయింట్లు, సమమైతే 3, ఓడితే సున్నా. కాని 7 లేక అంతకన్న తక్కువ తేడాతో ఓడినవారికి 1 పాయింటు ఇచ్చేవారు. ఆ సీజను చివర తెలుగు టైటన్స్ పేరు ఎదుట 21 పాయింట్లు ఉన్నాయి. రెండు గెలుపులకు 10, ఒక సమానికి 3, కలిపి 13. మరి మిగిలిన 8 ఎక్కడివి? అవి ఓడిపోతూ సంపాదించినవి. 19 ఓటముల్లో 8 సార్లు ఆ జట్టు ఎదుటివాడికి 7 పాయింట్ల దగ్గరగానో, ఇంకా దగ్గరగానో నిలబడింది. ఎనిమిదవ సీజను లెక్క ఇంకా విచిత్రం. ఒకే ఒక్క గెలుపు, 4 సమాలు, మొత్తం 27 పాయింట్లు. అందులో 10 ఇలా ఓటముల నుంచి వచ్చినవే.

లక్షలు, కోట్లు లెక్కపెట్టే పోటీవారే ఓటమికీ ఓటమికీ తేడా ఉందని గుర్తించి, చివరిదాకా పోరాడి ఓడినవాడి చేతిలో ఒక పాయింటు పెట్టారు. మరి మన ఇళ్ళలో ఆ ఒక్క పాయింటు పెడుతున్నామా? పదవ తరగతిలో రెండు మార్కుల తేడాతో పరీక్ష తప్పిన పిల్లవాడికీ, పుస్తకమే తెరవని పిల్లవాడికీ మనం ఒకే తిట్టు తిడుతున్నాం. ఏడాది పొడుగునా కలుపు తీసి, మందు కొట్టి, పూత దశలో వాన లేక పంట పోగొట్టుకున్న రైతునూ, చేనివైపు చూడని రైతునూ ‘పంట పోయింది’ అన్న ఒకే మాటతో తోసేస్తున్నాం.

‘సీజను’ అన్న మాట మనకు ఆటలవాళ్ళు నేర్పింది కాదు. మిర్చి సీజను, పొగాకు సీజను, కంది సీజను అని మన ప్రాంతంలో ఎప్పటినుంచో అంటున్నాం. కురిచేడు వైపు సాగర్ కుడికాలువ నీళ్ళు వచ్చిన ఏడాది ఒక రకం బతుకు, రాని ఏడాది ఇంకొక రకం. మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ ఆధారం కూడా లేక, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళకోసం ఒక తరమే ఎదురుచూసింది. వరుసగా మూడు సీజన్లు పోగొట్టుకున్న కుటుంబం అంటే ఏమిటో మనవారికి వేరే చెప్పనక్కర లేదు. అలాంటి ఇంట్లో నాలుగో ఏడాది గింజలు చల్లేటప్పుడు ఆ రైతు చేతిలో ఉన్నది ఆశ ఒక్కటే కాదు, పని మానకూడదన్న పట్టుదల కూడా ఉంది. ఆ పట్టుదలకు మార్కెట్ యార్డులో ధర కట్టరు. ధర కట్టనంత మాత్రాన దానికి విలువ లేదనగలమా?

బయటికి పోయినవాడు ఎలా తిరిగి వస్తాడు?

కబడ్డీలో అన్నిటికన్న అందమైన నియమం ఒకటి ఉంది. అలవాటైపోయి మనం దాన్ని గమనించం. క్రికెట్టులో ఔటైనవాడు ఇక ఆ ఇన్నింగ్సులో బ్యాటు పట్టలేడు. ఫుట్‌బాల్‌లో ఎర్ర కార్డు చూసినవాడు ఆట అయ్యేదాకా బయటే. కబడ్డీలో అలా కాదు. ఔటైనవాడు గీత బయట, తన వంతు కోసం కూర్చుంటాడు. అతను ఎంత బలవంతుడైనా, ఎంత ధర పలికినవాడైనా, తనంత తాను లోపలికి రాలేడు. లోపల మిగిలి ఉన్న తోటివాడు కూతకు వెళ్ళి ఎదుటివాణ్ణి తాకి రావాలి, లేదా కూతకు వచ్చినవాణ్ణి అందరూ కలిసి పట్టుకోవాలి. అప్పుడే ముందుగా బయటికి పోయినవాడు ముందుగా లోపలికి వస్తాడు. మన పల్లెల్లో పిల్లలు ఈ ఔటవ్వడాన్ని ‘చచ్చాడు’ అనీ, తిరిగి రావడాన్ని ‘బతికాడు’ అనీ అనేవారు. ఆ పిల్లల మాటలో ఎంత వేదాంతం ఉందో చూడండి. చచ్చినవాడు తనను తాను బతికించుకోలేడు. బతికి ఉన్నవాడు వాడికోసం ఎదుటివారి గడ్డమీదికి ఊపిరి బిగబట్టి వెళ్ళి రావాలి.

ఇంకొక సంగతి. గీత దాటి సంపాదించే బోనస్ పాయింటు ఒకటుంది. అది స్కోరును పెంచుతుంది గాని బయట ఉన్నవాణ్ణి లోపలికి తీసుకురాదు. అనగా, మనం సంపాదించే పాయింట్లన్నీ తోటివాడికి ఉపయోగపడేవి కావు. కొన్ని సంపాదనలు మన పేరును పెంచుతాయి, అంతే. కొన్ని మాత్రం పడిపోయినవాణ్ణి లేపుతాయి. మన జీవితంలో ఏవి ఏవో ఎవరికి వారు లెక్క చూసుకోవచ్చు.

అందరూ ఔటైపోతే ఏమవుతుంది? ఎదుటి జట్టుకు అదనంగా 2 పాయింట్లు ఇచ్చి, ఏడుగురూ తిరిగి పరుపుమీదికి వస్తారు. పూర్తిగా చితికిపోయిన జట్టుకు కూడా ఆట మిగిలే ఉంటుంది. నష్టం లెక్కలో పడుతుంది, దాన్ని ఎవరూ చెరిపెయ్యరు. కాని ఆ నష్టంతో కథ ముగియదు. క్రీస్తు ఉత్థానాన్ని నమ్మే కుటుంబాలకు ఈ సంగతి ప్రత్యేకించి విప్పి చెప్పవలసిన పని లేదు.

మనలో ఎంతమంది గీత బయట కూర్చుని ఉన్నారో ఒకసారి చూడండి. ఇంటర్ తప్పి ఇంట్లోంచి బయటికి రాని కూతురు. అప్పులపాలై ఆదివారం పూజకు కూడా రాకుండా తప్పించుకు తిరిగే అన్న. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం పోయి, ఊరికి వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక రాత్రి రైలుకే వెళ్ళిపోయే కుర్రవాడు. తాగుడు మానలేక ప్రతిసారీ ప్రమాణం తప్పే తండ్రి. వీళ్ళను చూసి ‘వాళ్ళంత వాళ్ళే లేవాలి’ అని సలహా చెప్పి ఊరుకోవడం మనకు తేలిక. కబడ్డీ నియమం అలా చెప్పదు. లోపల నిలబడి ఉన్నవాళ్ళది ఆ బాధ్యత అంటుంది.

ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత కొద్దిరోజుల్లోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే తప్పులు దొర్లాయని పెద్ద వివాదం నడిచింది. ఒక పట్టికలో తమ పేరు ఎదుట ఉన్న అంకెను చూసి, తామంటే అదేనని ఆ పిల్లలు నమ్మారు. అలా నమ్మేలా పెంచింది ఎవరు? ‘గెలిస్తేనే మావాడు’ అని నోటితో అనకపోయినా, చూపుతో, మౌనంతో, పక్కింటి పిల్లలతో పోల్చే మాటలతో మనం చెప్పినదే వాళ్ళు నేర్చుకున్నారు. పన్నెండో స్థానంలో ఉన్నా నువ్వు మావాడివే అన్న మాట ఫలితాలు రాకముందే, ఎన్నోసార్లు, మామూలు రోజుల్లో చెప్పి ఉండాలి. ఆ రోజున కొత్తగా చెబితే పిల్లలు నమ్మలేరు.

తోడు వేరు, వెనకేసుకురావడం వేరు

ఇక రెండో ఆక్షేపణ. “ఓడినవాణ్ణి ఇలా వెనకేసుకొస్తే వాడు ఎప్పటికీ బాగుపడడు గదా? గట్టిగా నాలుగు తగిలిస్తేనే దారికి వస్తాడు” అని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది కనుక దీన్ని జాగ్రత్తగా చూడాలి.

తోడుగా నిలవడమంటే తప్పును ఒప్పనడం కాదు. మూడేళ్ళు చివర ఉన్న జట్టుతో ‘మీరు బాగానే ఆడుతున్నారు’ అంటే అది ప్రేమ కాదు, అబద్ధం. నిజమైన తోడు రెండు పనులు చేస్తుంది. విడిచిపెట్టి పోదు, ఉన్నది ఉన్నట్టు చెప్పకా మానదు. విడిచిపెట్టి పోయేవాడికి నిజం చెప్పే అర్హత ఉండదు. నిజం చెప్పనివాడు పక్కన ఉన్నా ప్రయోజనం ఉండదు.

తెలుగు టైటన్స్ తర్వాతి కథ ఈ సంగతికి మంచి ఉదాహరణ. 2024లో ఆ జట్టుకు క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. టైటన్స్ ఒకే ఒక్క ఆట గెలిచిన ఆ ఎనిమిదవ సీజనులోనే, దబంగ్ ఢిల్లీని విజేతగా నిలబెట్టిన కోచ్ ఆయనే. 2024 పదకొండవ సీజనులో టైటన్స్ 12 గెలిచి 10 ఓడింది. మధ్యలో పవన్ గాయపడితే విజయ్ మలిక్ అనే ఆటగాడు భారం మోశాడు. మొత్తం 66 పాయింట్లు వచ్చాయి. అంతకుముందు మూడు సీజన్లలో వచ్చినవన్నీ, 27, 15, 21, కలిపితే 63. మూడేళ్ళ సంపాదనకన్న ఒక్క ఏడాది సంపాదన ఎక్కువైంది. అయినా వచ్చింది ఏడవ స్థానం. ఆరవ స్థానం వరకే తర్వాతి ఆటలకు వెళ్ళే అవకాశం కనుక, ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది.

2025లో పన్నెండవ సీజను విశాఖపట్నంలో ఆగస్టు 29న మొదలైంది. విజయ్ మలిక్ నాయకుడు. తొలి ఆటలోనే టైటన్స్ 3 పాయింట్ల తేడాతో తమిళ్ తలైవాస్ చేతిలో ఓడింది. ఎదుటి జట్టులో ఉన్నవాడు ఎవరనుకున్నారు? నిన్నమొన్నటి వరకు మన నాయకుడైన పవన్. వేలం పాట తెచ్చినవాణ్ణి వేలం పాటే తీసుకుపోయింది. అయినా జట్టు కుంగిపోలేదు. ఆట మీద ఆట గెలుచుకుంటూ చివరి మూడు జట్లలో ఒకటిగా నిలిచింది. ఫైనలుకు ఒక్క అడుగు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో 45–50తో ఓడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. “చూశారా, ఓపిక పట్టినందుకు చివరికి ఫలితం దక్కింది, కనుక ఓడినవాడి పక్షాన నిలబడటం మంచిదే” అని ముగిస్తే కథ సుఖంగా ఉంటుంది గాని మన ప్రశ్నకు అది జవాబు కాదు. రేపు గెలుస్తాడని లెక్క వేసుకుని ఈరోజు పక్కన నిలబడేవాడు చేస్తున్నది వ్యాపారం, అతను ప్రేమించింది గెలుపునే. టైటన్స్ 2025లో కూడా కప్పు గెలవలేదని మరచిపోవద్దు. 2024లో, 2025లో ఆ జట్టు చివరి స్థానంలోనే ఉండి ఉంటే, ‘మనది’ అన్నవాడి మాట తప్పయ్యేదా? కాదు. ఆ మాట మంచిదో కాదో తేల్చేది తర్వాత వచ్చే స్కోరు కాదు. అన్ననాడే అది మంచి మాట.

దూరదేశపు సంగతి ఒకటి

ఈ సంగతికి మరొక సాక్ష్యం అమెరికాలోని చికాగో నగరంలో ఉంది. అక్కడివారి బేస్‌బాల్ మన క్రికెట్టులాగా బంతి, కర్ర ఆటే. కాని ఒక సీజనులో ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడుతుంది. వసంతం నుంచి ఆకురాలే కాలం వరకు ఇంచుమించు రోజూ ఆటే. చికాగో వైట్‌సాక్స్ అనే జట్టు 2024లో 41 గెలిచి 121 ఓడింది. మధ్యలో వరుసగా 21 ఆటలు ఓడింది. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడినది అప్పటికి ఆధునిక కాలంలో రికార్డు. దాన్ని కూడా వీళ్ళు దాటేశారు. ఒక సీజనులో అన్ని ఆటలు ఓడిన జట్టు ఆ ఆట ఆధునిక చరిత్రలో మరొకటి లేదు.

ఆ మరుసటి ఏడు, 2025 మే 8న, రోములో కొత్త పోపుగారి పేరు ప్రకటించారు. ఆయనే 14వ లియో పోపుగారు. పుట్టింది చికాగోలో, పెరిగింది ఆ పక్క ఊళ్ళో, ప్రేషిత సేవ చేసింది పెరూ దేశంలో. ఆయన ఎవరి అభిమాని అని చికాగోవారు ఆత్రంగా ఆరా తీశారు. ఆ నగరంలో రెండు పెద్ద జట్లు ఉన్నాయి మరి. మా తమ్ముడు మొదటినుంచీ వైట్‌సాక్స్ మనిషే అని ఆయన అన్నగారు తేల్చి చెప్పారు. 2005లో ఆ జట్టు 88 ఏళ్ళ తర్వాత ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు, మొదటి ఆటనాడు ఆయన స్టేడియంలో కూర్చుని ఉన్న దృశ్యం పాత టీవీ చిత్రాల్లో బయటపడింది. 2025 జూన్‌లో వాటికన్‌లో సామాన్య దర్శనం రోజున ఆ జట్టు టోపీ పెట్టుకుని కూడా కనిపించారు.

పోపుగారు అభిమాని కనుక వైట్‌సాక్స్ గెలవడం మొదలుపెట్టిందని మీరు ఎదురుచూస్తూ ఉంటే నిరాశ తప్పదు. 2025లోనూ ఆ జట్టు 60 గెలిచి 102 ఓడింది. మన ప్రశ్నకు పనికివచ్చేది సరిగ్గా ఈ సంగతే. టోపీ పెట్టుకోవడానికి ఆయన ఆ జట్టు గెలిచే సంవత్సరం దాకా ఆగలేదు. అంతకుముందు ఏడాది 121 ఓడి, ఆ ఏడాదీ ఓడిపోతూ ఉన్న జట్టు టోపీనే నలుగురిలో పెట్టుకున్నారు.

మనం చేయగలిగింది

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఓడిపోయేవారి పక్షాన నిలబడటం ధర్మమా, మొండితనమా? ఓటమిని గెలుపని చెప్పుకుంటూ నిలబడితే మొండితనం. రేపటి లాభం చూసుకుని నిలబడితే బేరం. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, ఆ మనిషి విలువ స్కోరులో లేదని తెలిసి, అతణ్ణి తిరిగి లోపలికి తేవడానికి తనవంతు కూతకు వెళ్ళేవాడిదే ధర్మం.

దీన్ని పెద్ద పనులతో మొదలుపెట్టనక్కర లేదు. ఫలితాలు వచ్చిన రోజున మార్కులు అడగకముందు పిల్లవాడికి అన్నం పెట్టండి. పంట పోయినవాడి ఇంటికి, సలహాలు మోసుకుపోకుండా, ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. ఉద్యోగం పోయి వచ్చిన కుర్రవాణ్ణి గుడి పండుగ పనుల్లో ఏదో ఒక పనికి పేరు పెట్టి పిలవండి. ప్రమాణం తప్పినవాడితో, తప్పావని చెప్పండి, మళ్ళీ రేపు ఉదయం వాడి తలుపు తట్టండి. విచారణలో ప్రతి వీధికీ గీత బయట కూర్చున్నవారు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఎవరు ముందు బయటికి పోయారో వారి పేరే ముందు గుర్తుచేసుకుందాం.

వచ్చే సీజనులో తెలుగు టైటన్స్ గెలుస్తుందో ఓడుతుందో చెప్పడం మన పని కాదు. ఈ ఏడాది మన ఇంట్లో చివరి స్థానంలో ఉన్నవారు ఎవరో మనకు తెలుసు. ఈ ఆదివారం పూజ ముగిశాక వారి గుమ్మం ముందు మన చెప్పులు ఒక జత ఉంటే చాలు.